తాడు, మత్తు, తిమ్మిరి సూది

నెల్లూరు తీరంలో పశువుకు కత్తి తగిలే సందర్భాలు చాలావరకు చిన్నవే. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు వైపు వరిమళ్ళు, రొయ్యల గుంటలు, వాటి చుట్టూ ముళ్ళకంచెలు పక్కపక్కనే ఉంటాయి. కంచె తీగ తగిలి పాడిగేదె చన్ను చీలుతుంది. తుపాను గాలికి ఎగిరిపడిన రేకు ఆవు తొడను కోస్తుంది. బురదలోనే నిలబడే పశువుకు గిట్టలు పెరిగి వంకరపోతాయి. కాడి మోసిన మెడ మీద గడ్డ లేస్తుంది. ముసలి ఎద్దుకు కొమ్ము లోపల క్యాన్సర్ పుట్టి కొమ్ము ఒకవైపు ఒరిగిపోతుంది. ఈనిన గేదెకు గర్భసంచి జారి బయటికి వస్తుంది. వెనక మోకాలి చిప్ప పైకి ఎక్కి ఇరుక్కున్న ఎద్దు ఆ కాలిని వెనక్కి చాపి ఈడ్చుకుంటూ నడుస్తుంది. వీటిలో చాలా వాటికి పశువును లారీ ఎక్కించి తిరుపతి పశువైద్య కళాశాల దాకా తీసుకుపోవాల్సిన పని లేదు. కొట్టం ముందో, చెట్టు నీడనో అరగంటలో ముగుస్తాయి. ఆ అరగంటలో పశువుకు ఏమవుతుంది, ఏమి కాకుండా చూడవచ్చు అన్నదే ఇక్కడి విషయం.

ఆపరేషన్ సాగాలంటే పశువు కదలకూడదు, బెదరకూడదు, దానికి నొప్పి తెలియకూడదు. ఈ మూడూ ఒకటి కావు. ఒకటి జరిగితే మిగతావీ జరిగినట్టేనని అనుకోవడం మన పల్లెల్లో చాలా పాత అలవాటు. తాడు కదలకుండా చేస్తుంది, అంతే. మత్తుసూది బెదురు తీసి, తల వాల్చేలా చేస్తుంది. కోత నొప్పి తెలియకుండా చేసేది మాత్రం కోసే చోట నరాన్ని తిమ్మిరెక్కించే సూది. పొలం దగ్గర చేసే చిన్న ఆపరేషన్లలో ఈ మూడో పని మొదటి స్థానానికి రావాలి, తాడు దానికి సాయంగా ఉండాలి, మత్తును అవసరమైన పశువుకు మాత్రమే, కొద్దిగా వాడాలి అన్నది నా వాదన. ఇది జాలితో చెబుతున్న మాట మాత్రమే కాదు. నెమరువేసే జంతువు శరీరం, ఈ తీరపు ఎండ, ఇక్కడి పశుజాతి స్వభావం, ఈ మూడూ ఇదే చెబుతున్నాయి.

ముందు తాడు సంగతి. నడుము చుట్టూ, గుండెల వెనక తాడు చుట్టి వెనక్కి లాగితే ఎంత పెద్ద ఎద్దయినా మెల్లగా కుంగి పడుకుంటుంది. పశువైద్య పుస్తకాలు కూడా ఈ పద్ధతిని నేర్పుతాయి, దాన్ని తప్పుపట్టాల్సింది లేదు. తప్పు దాని తర్వాత మొదలవుతుంది. పడేసిన పశువును నలుగురు పట్టుకుని, ఒకరు మెడ మీద మోకాలు ఆనించి, అలాగే కోత మొదలుపెడితే అది తన్నుకుంటుంది. తన్నుకున్న కొద్దీ తాడు బిగుస్తుంది. 400 కిలోల బరువు గట్టినేల మీద ఒక భుజంపై పడితే ఆ భుజం కింది నరం నలిగి, లేచాక ముందుకాలు పనిచేయకుండా పోవచ్చు. ఇంకా పెద్ద చిక్కు పొట్టలో ఉంటుంది. ఆవు, గేదెల పెద్ద పొట్టలో వంద లీటర్లకు పైగా మేత, నీరు పులుస్తూ ఉంటాయి, దాని నుంచి గ్యాసు ఆగకుండా పుడుతుంది. నిలబడ్డ పశువు ఆ గ్యాసును త్రేన్పులుగా వదులుతుంది. పక్కకు పడుకోబెట్టినప్పుడు ఆ దారి మూసుకుపోతుంది. పొట్ట ఉబ్బి ఊపిరితిత్తుల మీద ఒత్తుతుంది. నోట్లోకి ఎగదన్నిన మేత ఊపిరితిత్తుల్లోకి జారితే, ఆపరేషన్ చక్కగా జరిగినా నాలుగు రోజుల తర్వాత పశువు న్యుమోనియాతో పోతుంది. అందుకే పశువును నేలమీద పడేసే ప్రతి పద్ధతీ, అది తాడుతో అయినా మందుతో అయినా, దాని ఊపిరితో పందెం కాసినట్టే.

మత్తు విషయానికి వస్తే, మన పశువైద్యుల సంచిలో ఎక్కువగా కనిపించేది జైలజిన్. 1962లో జర్మనీలో బేయర్ కంపెనీ దీన్ని తయారుచేసింది. మనుషుల రక్తపోటు తగ్గించడానికి పనికొస్తుందేమోనని మొదట చూశారు, మనుషుల్లో మత్తు, గుండె నెమ్మదించడం ఎక్కువగా కనిపించడంతో అది పశువుల మందుగా మిగిలింది. మెదడులో మెలకువను నడిపే రసాయనం విడుదలను ఇది అణచివేస్తుంది. కండలో సూది వేసిన పది పదిహేను నిమిషాల్లో తల వాలుతుంది, కనురెప్పలు బరువెక్కుతాయి, నోటి నుంచి చొంగ కారుతుంది, మోతాదు పెరిగితే పశువు పడుకుంటుంది. ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటుంది. గుర్రానికి కిలోకు ఇచ్చే మోతాదులో పదోవంతు చాలు ఆవుకు. జంతువులన్నింటిలో నెమరువేసేవే ఈ మందుకు త్వరగా లొంగుతాయి. వాటిలోనూ మూపురం ఉన్న జాతులు మరీ త్వరగా లొంగుతాయి. బ్రహ్మన్ పశువులకు ఇది ఎక్కువగా ఎక్కుతుందని, హెర్‌ఫర్డ్‌లది మధ్యస్థమని, హోల్‌స్టీన్‌లకు తక్కువని పశువైద్య గ్రంథాలు చెబుతాయి. ఆ బ్రహ్మన్ అమెరికాలో తయారైన జాతి, దాని రక్తంలో గిర్, గుజరాత్ జాతులతో పాటు మన ఒంగోలు కూడా ఉంది.

ఒంగోలు జాతికి నెల్లూరుతో ఉన్న బంధం బ్రెజిల్‌లో పేరుగా నిలిచింది. 19వ శతాబ్దంలో ఇక్కడి నుంచి ఓడలెక్కి వెళ్ళిన పశువుల సంతతిని వాళ్ళు నెలోరె అని పిలుస్తారు. ఇవాళ ఆ దేశపు మాంసపు పశువుల్లో అధికభాగం ఆ రక్తమే. ఇక్కడ, నెల్లూరు జిల్లాలోని చింతలదేవిలో దేశవాళీ జాతుల కోసం జాతీయ కామధేను సంతానోత్పత్తి కేంద్రం పెట్టారు. జాతిని ఇంత గౌరవించే చోట, ఆ జాతి దేహానికి సరిపోయే మోతాదు ఏమిటన్న ప్రశ్న కూడా అంతే గౌరవంగా అడగాలి. విదేశీ పుస్తకంలో హోల్‌స్టీన్ ఆవుకు రాసిన పై హద్దు మోతాదును మూపురం ఉన్న ఎద్దుకో, దాని సంకరానికో అలాగే ఎక్కిస్తే కాస్త మత్తు అనుకున్నది గంటల తరబడి నిద్ర అవుతుంది. బరువును కంటితో అంచనా కట్టడం కూడా ఇలాంటి పొరపాటుకే దారితీస్తుంది. బక్కచిక్కిన ఊరి ఆవు 250 కిలోలు కూడా ఉండకపోవచ్చు, మేలైన ఒంగోలు ఆబోతు 500 కిలోలు దాటుతుంది. రెంటికీ ఒకే సూది నిండా మందు అన్న లెక్క ఎక్కడా నిలవదు.

తీరప్రాంతంలో జైలజిన్‌తో ఇంకో ముప్పుంది, అది ఎండ. ఈ మందు పొట్ట కదలికను, గుండె వేగాన్ని తగ్గించడమే కాక, ఒంటి వేడిని అదుపులో పెట్టుకునే శక్తిని కూడా దెబ్బతీస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో సముద్రపు తేమగాలిలో గేదె ఎలా బతుకుతుంది? నీళ్ళలో దిగి, బురద పూసుకుని, రొప్పుతూ. మత్తులో ఉన్న గేదె ఈ మూడింటిలో ఏదీ చేయలేదు. నల్లటి చర్మం ఎండను తాగుతూ ఉంటే జ్వరం వచ్చినట్టు ఒళ్ళు కాలిపోతుంది. కనుక ఇక్కడ ఈ పని తెల్లవారుజామునో, పొద్దు వాలాకో, నీడలోనే జరగాలి, పక్కన చల్లని నీళ్ళు సిద్ధంగా ఉండాలి. అదే నీళ్ళు మరోలా ప్రాణం తీస్తాయి కూడా. మత్తు పూర్తిగా దిగని పశువును కట్టు విప్పి వదిలేస్తే అలవాటు కొద్దీ కాలవ వైపో గుంట వైపో తూలుతూ పోతుంది, మోకాలి లోతు నీళ్ళలో మూతి ఎత్తలేక మునుగుతుంది. రొయ్యల గుంటలు, ఉప్పుటేరులు, బకింగ్‌హాం కాలువ ఉన్న నేల మీద ఇది గాలికి చెప్పే జాగ్రత్త కాదు.

చూడి పశువుల మాట వేరుగా చెప్పుకోవాలి. జైలజిన్ గర్భసంచి కండరాలను ముడుచుకునేలా చేస్తుంది. చివరి మూడు నెలల చూడి ఆవుకు ఇస్తే ఈసుకుపోయే ప్రమాదం ఉంది. మూత్రం కూడా ఎక్కువగా పుట్టిస్తుంది. రాళ్ళు అడ్డుపడి మూత్రం ఆగిపోయిన పోతుదూడకు, ముఖ్యంగా గేదెదూడలకు, ఈ మందు ఇస్తే అప్పటికే నిండి ఉన్న సంచి పగిలేదాకా నిండుతుంది. ఈ ప్రమాదాలన్నీ తెలిసినవే, పుస్తకాల్లో ఉన్నవే. తెలియాల్సింది మరొకటి, ఈ మత్తుకు విరుగుడు ఉంది. యోహింబిన్, టోలజోలిన్, అటిపమిజోల్ వంటివి ఇస్తే నిమిషాల్లో పశువు తేరుకుంటుంది. మత్తు సీసా ఉన్న సంచిలో విరుగుడు సీసా లేకపోవడం నాకు ఒప్పుకోబుద్ధి కాని విషయం. ఇంత చేసినా జైలజిన్ కోత నొప్పిని పూర్తిగా ఆపదు. కొంత మందగింపజేస్తుంది, అది కూడా కొద్దిసేపే. మత్తులో తల వాల్చిన పశువు కత్తి తగలగానే ఒక్కసారిగా తన్నిన సందర్భాలు పశువైద్యులందరికీ తెలుసు. నిద్రపోతున్నట్టు కనబడింది కదా అని కోయడం మొదలుపెడితే నొప్పి పశువుదే అవుతుంది, తన్ను మనిషికి తగులుతుంది.

దేహాన్నంతా నిద్రపుచ్చే మందు గుండెనూ ఊపిరినీ తాకక మానదన్న పాఠం తెలుగునేలకు కొత్త కాదు. 1888, 1889 సంవత్సరాల్లో హైదరాబాదులో క్లోరోఫారం కమిషన్లు జరిగాయి. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ పూనికతో, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఇచ్చిన డబ్బుతో, వందలాది జంతువుల మీద, ఎక్కువగా కుక్కలు, కోతుల మీద, పరీక్షలు చేశారు. క్లోరోఫారంతో ముందు ఊపిరి ఆగుతుందా, గుండె ఆగుతుందా అన్నది ప్రశ్న. ఊపిరే ముందు ఆగుతుంది, ఊపిరిని గమనిస్తే చాలు, భయం లేదని వాళ్ళు తేల్చారు. రెండో కమిషన్‌కు లండన్ నుంచి లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ వచ్చి చూసి ఔనన్నాడు. 1911లో గుడ్‌మన్ లెవీ మరోటి చూపించాడు: తేలికపాటి క్లోరోఫారం మత్తులోనే గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదు. అంత పెద్ద పరీక్ష, అంత డబ్బు, అన్ని ప్రాణాలు పెట్టినా మత్తు లోతు కొలవడం ఎంత కష్టమో ఆ కథ చెబుతుంది. ఆపరేషన్ గది లేని చోట, ఆక్సిజన్ సిలిండర్ లేని చోట, చెట్టుకింద ఆ లోతులోకి దిగాల్సిన అవసరమే రాకుండా చూడటం తెలివైన పని. మనుషుల నొప్పి తీర్చే విద్య కోసం జంతువులు చెల్లించిన మూల్యం కూడా ఆ కమిషన్ కాగితాల్లోనే ఉంది. నొప్పి లేకుండా కోయడం తెలిశాక దాన్ని జంతువులకు ఇవ్వకుండా ఉండటానికి మనకు సాకు మిగల్లేదు.

అంత లోతు మత్తు అవసరం రాకుండా చేసేది తిమ్మిరి సూది. స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ 1943లో తయారుచేసిన మందు మన దగ్గర లిగ్నోకైన్ పేరుతో దొరుకుతుంది. పన్ను పీకే డాక్టరు చిగురులో వేసే మందూ ఇదే. నరంలో కబురు ముందుకు పోవాలంటే సోడియం అయాన్లు నరపు పొరలోని సందుల గుండా లోపలికి దూకాలి. లిగ్నోకైన్ ఆ సందులను కాసేపు మూసేస్తుంది. కోత జరుగుతుంది, కణజాలం తెగుతుంది, కబురు మాత్రం మెదడుకు చేరదు. పశువు నిలబడే ఉంటుంది, త్రేన్చుతుంది, కొన్నిసార్లు నెమరు కూడా వేస్తుంది. పొట్ట ఉబ్బదు, ఊపిరితిత్తుల్లోకి మేత పోదు, చూడికి ముప్పు లేదు. నెమరువేసే జంతువుకు నిలబెట్టి చేసే ఆపరేషన్ ఎంత సరిపోతుందంటే, ప్లాస్టిక్కు, తీగముక్కలు మింగిన పశువు పెద్ద పొట్ట కోసి శుభ్రం చేయడం, కడుపు కోసి దూడను తీయడం వంటి పెద్ద పనులను కూడా వెన్నుపూసల పక్క నరాలకు తిమ్మిరెక్కించి, పశువును నిలబెట్టే చేస్తారు. పెద్ద కోతకే ఇది చాలినప్పుడు చిన్న కోతకు పడేసి కట్టి చేయడానికి కారణం ఏముంది?

ఇది ఎలా జరుగుతుందో రైతుకు తెలిస్తే పక్కన నిలబడి గమనించగలడు, అడగగలడు. కొమ్ముకు వెళ్ళే నరం కంటి వెలుపలి మూల నుంచి కొమ్ము మొదలు వరకు, నొసటి ఎముక అంచు కింద నడుస్తుంది. ఆ రెంటికీ మధ్యలో వేలితో తడిమితే అంచు తెలుస్తుంది, అక్కడ ఐదు నుంచి పది మిల్లీలీటర్ల మందు పడాలి. పని చేసిందనడానికి గుర్తు, ఆ వైపు పైరెప్ప వాలుతుంది. పెద్ద పశువుల్లో కొమ్ము వెనక భాగానికి మెడ వైపు నుంచి కూడా నరాలు వస్తాయి కనుక అక్కడా కొద్దిగా వేస్తారు. తోక దగ్గరి సూది ఇంకా నేర్పైన పని. తోకను చేతిపంపు పిడిలా కిందికీ పైకీ ఆడిస్తే మొదట కదిలే కీలు దగ్గర చిన్న గుంట దొరుకుతుంది. అందులో సూది దించి, దాని మొదట్లో ఒక మందు చుక్క నిలబెడతారు. సూది సరైన ఖాళీలోకి చేరగానే ఆ చుక్క లోపలికి పీల్చుకుపోతుంది. ఐదు మిల్లీలీటర్లతో కొద్ది నిమిషాల్లో తోక చచ్చుబడ్డట్టు వేలాడుతుంది, వెనక భాగంలో స్పర్శ పోతుంది, పశువు ముక్కడం మానేస్తుంది. బయటికి జారిన గర్భసంచిని లోపలికి నెట్టడానికి కావాల్సింది అదే. ముక్కుతున్న గేదెతో బలాబలాలు చూసుకుంటూ నెడితే గర్భసంచి చిరుగుతుంది. మందు ఎక్కువైతే అది వెన్ను వెంట ముందుకు పాకి వెనక కాళ్ళు పడిపోతాయి, కాబట్టి ఇక్కడ ఎక్కువ వేస్తే ఇంకా మంచిదన్న ఆలోచన పనికిరాదు. మోకాలి చిప్ప ఇరుక్కున్న ఎద్దుకు కీలు లోపలి వైపు ఒక నారను తెగ్గొట్టే పని నిమిషం కూడా పట్టదు, అందుకు చర్మం కింద కొద్ది మిల్లీలీటర్ల లిగ్నోకైన్ చాలు. నిమిషం పనే కదా, సూది ఎందుకని వదిలేసేది కూడా ఎక్కువగా ఇక్కడే. నాకు ఇది చాలా బాధ కలిగిస్తుంది. ఎన్నో ఏళ్ళు కాడి మోసిన ఎద్దుకు కొన్ని చుక్కల మందు బాకీ పెట్టడం ఏ లెక్కలోనూ పొదుపు కాదు.

తిమ్మిరి సూదికీ హద్దులున్నాయి, వాటిని దాచి మెచ్చుకోవడం తగదు. 2 శాతం లిగ్నోకైన్ అంటే మిల్లీలీటరులో 20 మిల్లీగ్రాముల మందు. 30 కిలోల దూడకు 10 మిల్లీలీటర్లు వేస్తే కిలోకు ఆరున్నర మిల్లీగ్రాములు దాటుతుంది, ఆ చుట్టుపక్కలే ప్రమాదపు గీత ఉంది. మించితే వణుకు, మూర్ఛ, ఆపై గుండె ఆగడం. మేకలు, గొర్రెలు దూడలకన్నా సున్నితమైనవి. చిన్న దూడకు కొమ్ము మొలకలు కాల్చేటప్పుడు మందును ఉప్పునీటితో పలచన చేసి వాడటం ఇందుకే. చీముపట్టిన చోట సూది సరిగ్గా పనిచేయదు, ఎందుకంటే పుండులోని పులుపు మందును నరంలోకి పోనివ్వదు. అప్పుడు గడ్డ మీద కాక, దాని చుట్టూ దూరంగా, మంచి కండలో కోటలా వేయాలి. మందు రక్తనాళంలోకి పోకుండా ప్రతిసారీ సూదిని వెనక్కి లాగి చూసుకోవాలి. అన్నింటికన్నా ఎక్కువగా ఎగ్గొట్టేది ఓపిక. సూది వేశాక పది నిమిషాలు ఆగి, సూదిమొనతో గుచ్చి, చర్మం ముడుచుకోలేదని చూసి, అప్పుడు కత్తి తీయాలి. బెదిరి తిరగబడే పశువు అయితే, తన్నే అలవాటున్న గేదె అయితే, ముందు కొద్ది మోతాదులో, నిలబడగలిగేంత మాత్రమే, మత్తు ఇచ్చి ఆ తర్వాత తిమ్మిరి ఇవ్వడం సరైన పద్ధతి. బెదిరిన పశువుకు మత్తు కూడా సరిగ్గా ఎక్కదు. ఎక్కలేదని రెండోసారి, మూడోసారి పొడిచిన మోతాదులన్నీ కలిసి ఒక్కసారే పడేస్తాయి. కనుక మత్తు సూది వేశాక చుట్టూ గుమిగూడకుండా పశువును వదిలేయాలి.

ఇక వాదనలు. మూగజీవానికి మనకులా నొప్పి ఉండదు, చూడండి, కోస్తున్నా అరవదు అనేవాళ్ళున్నారు. అరవకపోవడం నొప్పి లేకపోవడం కాదు. వేటాడబడే జంతువుకు బాధను పైకి చూపడమే ప్రాణాంతకం, మందలో కుంటేదాన్నే పులి ఎంచుకుంటుంది. పైకి కనపడనిదాన్ని రక్తంలో కొలవవచ్చు. న్యూజిలాండ్‌లో మాసీ విశ్వవిద్యాలయానికి చెందిన మెల్లర్, స్టాఫోర్డ్ బృందం కొమ్ములు కోసిన దూడల రక్తంలో కార్టిసోల్ అనే ఒత్తిడి హార్మోన్‌ను గంటగంటకూ కొలిచింది. తిమ్మిరి సూది లేకుండా కోస్తే అరగంటలో అది తారస్థాయికి ఎగసి, ఏడెనిమిది గంటల దాకా మామూలు మట్టానికి దిగలేదు. తిమ్మిరి సూది వేసి కోస్తే మొదట ఎగయలేదు. కానీ మందు ప్రభావం రెండు గంటల దగ్గర దిగిపోయాక అప్పుడు ఎగసింది. తిమ్మిరి సూదితో పాటు నొప్పి, వాపు తగ్గించే మందు కూడా ఇస్తే అసలు ఎగయలేదనవచ్చు. ఈ మూడో ఫలితమే నాకు అన్నింటికన్నా విలువైనదిగా తోస్తుంది. కత్తి ఆగిన చోట నొప్పి ఆగదని, ఆపరేషన్ అయ్యాక వచ్చే రాత్రి కూడా లెక్కలోదేనని అది నిరూపిస్తుంది.

ఆ రాత్రికి ఏ మందు ఇవ్వాలన్నది పశువుతోనే ఆగే ప్రశ్న కాదు. ఒకప్పుడు మన పల్లెల్లో చవకగా వేసిన డైక్లోఫెనాక్ చచ్చిన పశువు కళేబరం తిన్న రాబందుల మూత్రపిండాలను చెడగొట్టింది. దేశంలో రాబందుల సంఖ్య 95 శాతానికి పైగా పడిపోయిన తర్వాత 2006లో పశువులకు దాని వాడకాన్ని నిషేధించారు. మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలు పశువుల దగ్గరికి చేరుతున్నాయని 2015లో ఆ సీసా పరిమాణాన్ని 3 మిల్లీలీటర్లకు కుదించారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లనూ పశువులకు నిషేధించారు. మెలోక్సికామ్ రాబందులకు హాని చేయదని తేలింది, పశువు నొప్పిని చక్కగా తగ్గిస్తుంది, కోతకు ముందే ఇస్తే ఇంకా బాగా పనిచేస్తుంది. కాబట్టి మందుల షాపులో ఏదో ఒక నొప్పి సూది అని అడగకుండా మెలోక్సికామ్ అని పేరు పెట్టి అడగడం, అది కూడా డాక్టరు రాసిన చీటీ మీద, రైతు చేతిలో ఉన్న పని.

ఖర్చు అనే వాదన వినడానికి గట్టిది, లెక్క చూస్తే నిలవదు. పశువైద్యుడి దగ్గరుండే మందుల్లో లిగ్నోకైన్ చవకైనవాటిలో ఒకటి. తన్నులాటలో తెగిన కుట్లు, పురుగుపట్టిన పుండు, ఎండిపోయిన చన్ను, విరిగిన మనిషి పక్కటెముక, వీటి ఖర్చు దానికి ఎన్నో రెట్లు. తిమ్మిరి ఎక్కిన చన్నుకు పొరపొరగా, నిదానంగా కుట్టు వేయవచ్చు, ఆ చన్ను నుంచి మళ్ళీ పాలు వస్తాయి. తన్నే గేదె చన్నుకు ఎవరూ అలా కుట్టలేరు. తాతల నాటి నుంచి తాడుతోనే చేశాం, పశువులు బతికాయి కదా అన్నది మరో మాట. బతికినవి మన కళ్ళ ముందు తిరిగాయి, పోయినవాటిని ఏ తెగులుకో, ఏ దయ్యానికో అంటగట్టి మరిచాం. పెద్దవాళ్ళ దగ్గర లేని మందు వాళ్ళు వాడకపోవడం తప్పు కాదు. పాలల్లో మందు కలుస్తుందన్న భయం మాత్రం న్యాయమైనది. మత్తు, తిమ్మిరి, నొప్పి మందు ఏది ఇచ్చినా ఎన్ని పూటలు పాలు పోయకూడదో డాక్టరును అడిగి ఆ పాలు విడిగా పెట్టాలి. పిల్లలు తాగే పాలు అవి.

అన్నింటికన్నా బరువైన అభ్యంతరం వేళకు డాక్టరు దొరకడన్నది. పల్లెలో గోపాలమిత్ర ఉంటాడు, సహాయకుడు ఉంటాడు, డాక్టరు పక్క మండలంలో ఉంటాడు. ఈ కష్టం నిజమే. అయినా దానికి జవాబు షాపులో జైలజిన్ కొని తామే పొడవడం కాదు. ఆ మందు చేతికి గుచ్చుకున్నా మనిషి గుండె వేగం, రక్తపోటు పడిపోతాయి. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ఆపరేషన్ పనిని రిజిస్టరైన పశువైద్యుడికే అప్పగించింది, సహాయకులు చిన్న సేవలను అతని పర్యవేక్షణలో చేయవచ్చు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కొమ్ములు తీయడం, విత్తులు కొట్టడం, వాత పెట్టడం, ముక్కుతాడు వేయడం వంటి పనులను నిర్ణీత పద్ధతిలో చేస్తే నేరం కాదంది. ఆ పద్ధతి ఏమిటో కేంద్రం నియమాలుగా రాసింది 2023లో, అంటే 63 ఏళ్ళకు. పశువైద్యుడి చేతిమీదుగా, తిమ్మిరి, మత్తు మందులతో ఈ పనులు జరగాలని అవి చెబుతాయి. ఆ ఏళ్ళన్నీ చట్టం నిద్రపోయింది, నొప్పి నిద్రపోలేదు.

ఇప్పుడు ఈ జిల్లాలో దారి కొంత సుగమమైంది. 2022 నుంచి రాష్ట్రంలో 1962 నెంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం ఊళ్ళోకి వస్తోంది. ఆ వాహనంలో జైలజిన్ పక్కనే దాని విరుగుడు, లిగ్నోకైన్, మెలోక్సికామ్ తప్పక ఉండేలా చూడటం పశుసంవర్ధక శాఖకు పెద్ద భారం కాదు. దానితో పాటు ఒక కొలటేపు ఉండాలి. ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలతను అంగుళాల్లో తీసుకుని దాన్ని దానితోనే గుణించి, భుజం నుంచి పిరుదు ఎముక వరకు ఉన్న పొడవుతో మళ్ళీ గుణించి, 660తో భాగిస్తే బరువు దాదాపు కిలోల్లో వస్తుంది. చుట్టుకొలత 65, పొడవు 55 అంగుళాలున్న ఆవు దాదాపు 350 కిలోలు తూగుతుంది. రైతు ఫోను చేసినప్పుడే ఆ రెండు అంకెలు, పశువు చూడిదా కాదా, మేత ఎప్పుడు తిన్నది చెబితే డాక్టరు వచ్చేలోపే మోతాదు లెక్క తేలిపోతుంది. వచ్చేదాకా మేత ఆపి, నీడలో గడ్డి పరిచి, గుంట వైపు దారి మూసి ఉంచవచ్చు. పని అయ్యాక ఏ మందు, ఎంత, ఏ వేళకు ఇచ్చారో, పాలు ఎన్ని పూటలు ఆపాలో చీటీ మీద రాయించుకోవాలి. ఆ చీటీలో తిమ్మిరి సూది పేరు లేకపోతే ఎందుకు లేదని అడగాలి.